హాల్లో మంచం

సోఫా ఇంకా కొననేలేదు. అయినా హాల్లో తన చోటు అది అప్పుడే ఆక్రమించేసింది.

కోడలు పాత పేపర్లు తెచ్చి, టేపుతో కొలిచి, ఒకదానికొకటి అంటించి, నేల మీద సోఫా అంత మేర పరిచింది. కిటికీ గోడ వెంట పొడుగు భాగం, చివర మలుపు తిరిగి టీవీ వైపు వచ్చే పొట్టి భాగం. పెద్ద సామాను ఏది కొనాలన్నా ఆమె పద్ధతి ఇదే. ఫ్రిజ్ కొనేముందు వంటింట్లో కొన్నాళ్ళు కాగితపు ఫ్రిజ్ చుట్టూ తిరిగారు. తలుపు తెరిస్తే గట్టుకు తగులుతుందని తేలాక ఇంకో రకం కొన్నారు. అప్పట్నించి ఇంట్లోవాళ్ళు ఈ కాగితాలను చూసి నవ్వినా, తియ్యమని మాత్రం అనరు.

"నానమ్మా! సోఫా తొక్కేశావ్!"

అరిచింది మనవరాలు. డిగ్రీ చదువుతోంది. ఒకసారి మొదలుపెడితే వాదన ఆపదు కనక ఇంట్లో ఆమెను లాయరనే పిలుస్తారు.

అత్తగారు ఉలిక్కిపడి పాదం వెనక్కి తీసుకుంది. వంగి, కాగితం మీద పడ్డ మడతను అరచేత్తో సాపు చేసింది. తర్వాత అంచు వెంబడే చుట్టూ తిరిగి తన మంచం దగ్గరికి వెళ్ళి కూర్చుంది.

"ఆలూ లేదు చూలూ లేదు, కొడుకు పేరు సోమలింగం అన్నట్టుంది. రాని సోఫాకి ఇంత భయపడాలా నేను!" అని ఆవిడే నవ్వింది.

పొడుగు భాగం చివరి పేపర్లు ఆ మంచం కిందికే దూరాయి. సోఫా వస్తే మంచం కదలాలి. ఇంట్లో ఉన్నవి రెండు గదులు. ఒకటి కొడుకూ కోడళ్ళది, రెండోది లాయరుది. అందుకని మంచం బాల్కనీలోకి వెళ్తుందని అనుకున్నారు. బాల్కనీకి అద్దాలు బిగించి ఉన్నాయి. వాషింగ్ మెషీనూ బట్టలారేసే స్టాండూ అక్కడే ఉంటాయి. వాటిని కాస్త జరిపితే మంచం పడుతుంది.

"గాలి బాగా వస్తుందమ్మా అక్కడ," అన్నాడు కొడుకు.

"నాదేముందిరా. ఎక్కడైనా ఒకటే," అంది ఆవిడ.

ఆ మాటతో ఆ సంగతి తేలిపోయిందనుకున్నారు అందరూ. కోడలు కూడా అనుకుంది. ఎన్నేళ్ళుగానో ఎవరొచ్చినా ఆ మంచం అంచునే కూర్చోబెట్టాల్సి వస్తోంది. తలుపు చప్పుడవగానే అత్తగారు లేచి, దుప్పటి మడిచి, దిండు గోడకు చేర్చి, వంటింట్లోకి వెళ్ళిపోతుంది. వచ్చినవాళ్ళు ఆవిడ పక్క మీద మొహమాటంగా, జారిపోతామేమో అన్నట్టు కూర్చుంటారు. ఒకసారి లాయరు స్నేహితురాలు "ఇక్కడ ఎవరికైనా బాగాలేదా ఆంటీ?" అని అడిగింది. ఆ ప్రశ్న కోడలికి చాలాకాలం గుచ్చుకుంటూనే ఉంది. మనుషులు వెనక్కి వాలి కూర్చుని కబుర్లు చెప్పుకునే హాలు తనకూ ఒకటి ఉండాలని ఆమె కోరిక. అది ఊరికే వచ్చిన కోరిక కాదు.

లాయరు ఫోన్ చూసుకుంటూ మంచం ముందు నుంచి వెళ్ళింది. అత్తగారు కాళ్ళు ముడుచుకుంది. లాయరు తిరిగొచ్చింది. ఆవిడ మళ్ళీ కాళ్ళు ముడుచుకుంది. అది ఆవిడకు రెప్ప కొట్టినంత అలవాటు. ఎవరూ చూడరు.

కొత్తరకం ఇంటి సామాన్ల ఎగ్జిబిషన్‌కు ఆదివారం పొద్దున బయల్దేరారు. "అమ్మ అంత దూరం నడవలేదేమో," అని కొడుకు అనేటప్పటికే ఆవిడ చెప్పులు వేసుకుని, శాలువా కప్పుకుని, తలుపు దగ్గర నిలబడి ఉంది.

"కూర్చోబెట్టినచోట కూర్చుంటాన్రా. కొనేదాన్ని కాదుగా, చూసేదాన్ని."

లోపల గిడ్డంగి అంత ఎత్తున్న హాళ్ళు. ఒక దానిలోంచి ఇంకో దానిలోకి దారి. నేలంతా కొత్త తివాచీ, దాని జిగురు వాసన. కొత్త గుడ్డ వాసన, కోసిన చెక్క వాసన అన్నీ కలిసి మొదట తల తిప్పి, తర్వాత బాగుందనిపించాయి. ఉల్లిపాయలా పొరలు పొరలుగా కాగితం దీపాలు వేలాడుతున్నాయి. ఒంటికాలి మీద నిలబడ్డ భోజనాల బల్ల ఉంది. గోడలోంచి లాగితే బల్ల అయ్యే పలక, బల్ల మూస్తే అద్దమయ్యే పలక ఉన్నాయి. కోడలు ప్రతి సొరుగూ లాగి, వేళ్ళతో లోపలి మూలలు తడిమి, చప్పుడు లేకుండా మూసి ముందుకు కదిలింది.

అత్తగారు ఒక కుర్చీ దగ్గర ఆగింది. కాళ్ళకి కమ్మీలు, కూర్చోడానికి చెక్క. అంతే.

"వీపు ఆనించుకునేదేదే?"

"ఇది మినిమల్ నానమ్మా. అంటే అనవసరమైనవేవీ ఉండవు."

"వీపు అనవసరమా?"

పక్కన నిలబడ్డ ఒకాయన ఫక్కున నవ్వాడు. ఆవిడ అప్పటికే ఇంకో స్టాలు ముందుకు వెళ్ళిపోయింది.

మూడో హాలుకు వచ్చేసరికి ఆవిడ నడక మందగించింది. అక్కడ చిన్న ఇళ్ళకు పనికొచ్చే సామాన్ల స్టాలు ఉంది. అందులో ఒక మంచాన్ని అలమరలో పెట్టినట్టు చెక్క గూట్లో అమర్చారు. మూడు వైపులా చెక్క, నాలుగో వైపు మందపాటి కర్టెన్. తల దగ్గర చిన్న అర, అర కింద చిన్న దీపం.

"కూర్చోండి అమ్మమ్మా, కూర్చుని చూడ్డానికే పెట్టాం," అంది స్టాలు అమ్మాయి.

"మీరిక్కడ కూర్చోండి అత్తయ్యా. మేం ఆ వరసంతా చూసి వచ్చేస్తాం," అంది కోడలు.

"వెళ్ళండి, వెళ్ళండి. నేనెక్కడికీ పోను," అంది ఆవిడ, గూడు అంచున ఒదిగి కూర్చుంటూ.

ఆ వరస చివర దొరికింది సోఫా.

కోడలు దాన్ని దూరం నుంచే గుర్తుపట్టింది, తప్పిపోయిన మనిషిని గుర్తుపట్టినట్టు. తడిసిన మట్టి రంగు. చేతులు మరీ లావు కాదు, మరీ సన్నం కాదు. ఆమె మొదట వెనక్కి వాలకుండా కూర్చుంది. సీటు కిందికి చెయ్యి పోనిచ్చి కుట్టు వెంట వేలితో రాసింది. అరచేత్తో గట్టిగా నొక్కి, ఆ గుంట ఎంతలో పూడుతుందో చూసింది. దిండు తిప్పి జిప్పు వెతికింది.

"గలీబులు విప్పి ఉతుక్కోవచ్చా?"

"హాయిగా ఉతుక్కోవచ్చండీ," అన్నాడు అమ్మేవాడు. "ఇంట్లో ఎంతమందండీ?"

"ముగ్గురం," అన్నాడు భర్త. వెంటనే, "కాదు, నలుగురం. మా అమ్మ ఉంది. ఆవిడకి వేరే మంచం ఉందిలెండి," అన్నాడు.

కోడలు అప్పుడు వెనక్కి వాలింది. వీపుకు ఎక్కడ ఆసరా కావాలో సరిగ్గా అక్కడ దొరికింది. ఒక్క క్షణం కళ్ళు మూసుకుంది. కిటికీ, సాయంత్రపు ఎండ, ఈ రంగు, ఎదురుగా టీ కప్పులు పట్టుకుని వెనక్కి వాలి నవ్వుతున్న స్నేహితురాళ్ళు. మంచం ఎక్కడా లేదు.

"ఇదే," అంది.

"లాయరుగారూ, అభ్యంతరాలు?" అన్నాడు భర్త.

"రంగు కొంచెం ముసలిది. కానీ ఓకే."

"మీరు మాట్లాడుతూ ఉండండి, నేను అత్తయ్యని తీసుకొస్తా. ఆవిడ కూడా కూర్చుని చూడాలి కదా," అని కోడలు లేచింది.

గూడు మంచం దగ్గర జనం మూగారు. అందరూ గుసగుసగా మాట్లాడుకుంటున్నారు. ఒకామె ఫోన్ పైకెత్తితే స్టాలు అమ్మాయి చెయ్యి అడ్డం పెట్టి "వద్దండీ, ప్లీజ్," అంటోంది. కర్టెన్ పూర్తిగా వేసి ఉంది. గూడు కింద, తివాచీ మీద, అత్తగారి చెప్పులు రెండూ పక్కపక్కనే బుద్ధిగా ఉన్నాయి.

"ఏమైంది? ఏమైంది మా అత్తగారికి?"

"ఏం కాలేదండీ. పడుకున్నారు," అంది అమ్మాయి నవ్వు ఆపుకుంటూ.

"పడుకున్నారా? ఇక్కడా?"

"నేనే చూపించానండీ, కర్టెన్ ఇలా లాగాలి, లైటు ఇలా వెయ్యాలి అని. 'నేను ఆర్పొచ్చా?' అని అడిగారు. మీదే అమ్మమ్మా, ఆర్పండి అన్నాను. వేశారు, ఆర్పారు. మళ్ళీ వేశారు, ఆర్పారు. ఆ తర్వాత చప్పుడు లేదు. చూస్తే నిద్ర."

"మంచంతోపాటు ఆవిణ్ణి కూడా ఇస్తారా?" అన్నాడెవడో కుర్రాడు. జనం నవ్వారు.

కోడలికి చెవులు వేడెక్కాయి. లేపుదామని కర్టెన్ అంచు కొంచెం పక్కకు జరిపింది. జరిపి, అలాగే ఆగిపోయింది.

అత్తగారు గోడ వైపు తిరిగి పడుకుని ఉంది. నోరు కొద్దిగా తెరుచుకుంది. శాలువా భుజం దాకా కప్పుకుంది. కాళ్ళు రెండూ మంచం చివరిదాకా, ఎంత పొడుగున్నాయో అంత పొడుగునా చాచుకుంది. ఆవిడ ఇంత పొడుగు మనిషని కోడలికి ఆ రోజుదాకా తెలీదు.

కర్టెన్ మళ్ళీ మూసేసింది.

భర్త వచ్చాడు. వెనకే లాయరు. "ఏంటీ గుంపు? అమ్మేదీ?" సంగతి విన్నాక అతని ముఖం ఎర్రబడింది. "ఎగ్జిబిషన్లో పడుకోవడమేంటి! నలుగురూ చూస్తున్నారు. అమ్మా!"

"ఉండండి," అంది కోడలు అతని చెయ్యి పట్టుకుని.

"అక్కడ వాడు ఆర్డరు రాసుకుంటానని కూర్చున్నాడు."

"కూర్చోనివ్వండి."

స్టాలు అమ్మాయి మూడు చిన్న స్టూళ్ళు తెచ్చింది. ముగ్గురూ కర్టెన్ ముందు, ఆసుపత్రి వరండాలో కూర్చున్నట్టు కూర్చున్నారు. ఇక చూడ్డానికేమీ లేదని జనం పలచబడ్డారు. అప్పుడు లోపల్నించి ఒక శబ్దం వచ్చింది. సన్నగా మొదలై, బరువెక్కి, విజిల్లా దిగింది.

భర్త తల ఎత్తాడు. "అమ్మ గురక పెడుతుందా?"

"ఏమో. నేనూ ఎప్పుడూ వినలేదు."

"నానమ్మకి అసలు నిద్రే పట్టదుగా?" అంది లాయరు. "నేనెప్పుడు లేచినా 'ఎవరది' అంటుంది."

ముగ్గురూ వింటూ కూర్చున్నారు. కొడుకు మోచేతులు మోకాళ్ళ మీద ఆనించి, తివాచీ మీది చెప్పుల వంక చూస్తూ ఉండిపోయాడు. ఒక చెప్పు పట్టీ తెగితే దారంతో కుట్టి ఉంది.

చాలాసేపటికి లోపల టిక్కుమంది. కర్టెన్ కింద పసుపుపచ్చ వెలుగు గీతలా కనపడింది. తర్వాత కర్టెన్ మెల్లగా జరిగింది. ఎదురుగా స్టూళ్ళ మీద వరసగా కూర్చున్న తనవాళ్ళను చూసి అత్తగారు బిత్తరపోయింది.

"అయ్యయ్యో. ఎంతసేపైందిరా? ఎవరైనా చూశారా?"

"ఎవరూ చూళ్ళేదు అత్తయ్యా," అంది కోడలు.

ఆవిడ గబగబా దిగి, పక్క దులిపి, దిండు మీద తల పడ్డ గుంటను తట్టి సరిచేసింది. శాలువా దారప్పోగు ఒకటి దుప్పటి మీద కనపడితే ఏరి గుప్పిట్లో పెట్టుకుంది. దీపం ఆర్పి, ఆరిందో లేదో తొంగి చూసింది.

"లైటు ఆర్పే పడుకున్నానమ్మా. నీ కరెంటు దండగ చెయ్యలేదు," అంది స్టాలు అమ్మాయితో. తర్వాత కోడలి వైపు తిరిగింది. "సోఫా దొరికిందా?"

"ఆలోచించుకుని చెప్తామన్నాం."

బయల్దేరే ముందు కోడలు ఒక్కసారి వెనక్కి వచ్చి, గూట్లోకి వంగి, దిండు నుంచి స్విచ్చి దాకా చెయ్యి పరిచి కొలిచింది. జానెడు.

తిరిగి వచ్చేటప్పుడు బస్సులో భర్త మెల్లగా అన్నాడు. "బాల్కనీలో కూడా ఒక లైటు పెట్టిస్తే..."

"బాల్కనీలో మనం బట్టలారేస్తాం," అంది కోడలు.

మర్నాడు అత్తగారు స్నానానికి వెళ్ళినప్పుడు, ఇంట్లో పని సగంలో వదిలేసి కోడలు వచ్చి ఆ మంచం మీద పడుకుంది. ఎందుకో తనకే సరిగ్గా తెలీదు. ట్యూబులైటు సూటిగా కళ్ళలో పడింది. దాని స్విచ్చి వీధి తలుపు పక్కన ఉంది. పడుకున్న మనిషి లేచి, హాలంతా దాటి వెళ్తే తప్ప అందదు. ఇన్నేళ్ళుగా దాన్ని ఎవరు ఆర్పుతున్నారో గుర్తు చేసుకుంది. టీవీ అయిపోయాక భర్త ఆర్పుతాడు. మంచినీళ్ళు పట్టుకుని తన గదిలోకి పోతూ లాయరు ఆర్పుతుంది. వంటిల్లు సర్దాక తను ఆర్పుతుంది. ఆ చివరి మనిషి వెళ్ళేదాకా ఆవిడ గోడకానుకుని కూర్చునే ఉంటుంది.

ఇటు చూస్తే వంటిల్లు, అటు చూస్తే బాత్రూము తలుపు, తలెత్తితే వీధి తలుపు. ఇంట్లో ఏ దారీ ఈ మంచాన్ని తప్పించుకుని పోదు.

లాయరు పుస్తకాల సంచి భుజాన వేసుకుని గదిలోంచి విసురుగా వచ్చింది. "ఏంటమ్మా, ఒంట్లో బాగాలేదా?"

"ఏం లేదు. వెళ్ళు, బస్సు పోతుంది."

తలుపు మూసుకున్నాక కోడలు తన కాళ్ళ వంక చూసుకుంది. రెండూ ముడుచుకుని ఉన్నాయి. ముడిచినట్టు ఆమెకు తెలియనే లేదు.

లేచి కత్తెర తెచ్చింది. నేల మీది కాగితపు సోఫా పొట్టి భాగాన్ని మలుపు దగ్గర కోసేసింది. కొంచెంసేపు నిలబడి, పొడుగు భాగంలో కూడా సగం కోసింది. మిగిలిన ముక్కను టీవీ ఎదురు గోడకు జరిపింది. ఇద్దరు కూర్చునే సోఫా అయింది. కోసిన పేపర్లను మంచం కొలతకు అంటించి కిటికీ మూలన పరిచింది. టీవీ పక్కనున్న పుస్తకాల బీరువాకు ఇంకో కాగితం కోసి, మంచానికీ దారికీ మధ్య గోడలా అడ్డం పెట్టింది. వెనక్కి నడిచి చూసింది. తడిసిన మట్టి రంగు కళ్ళ ముందు ఒకసారి కదిలింది. ఆ రంగులో చిన్నది దొరుకుతుందో లేదో. దొరక్కపోవచ్చు కూడా.

సాయంత్రం లాయరు కేసు వేసింది. "అమ్మా, అన్యాయం. ఇద్దరు కూర్చునేది సోఫా కాదు, బస్సు సీటు!"

"వాదించు, వింటాను. విన్నాక కూడా ఇద్దరిదే."

భర్త వాదించలేదు. పుస్తకాలు దింపి, బీరువాను ఒక వైపు తను పట్టుకుని, రెండో వైపు కూతుర్ని పట్టుకోమన్నాడు. అత్తగారు మాత్రం ఊరుకోలేదు. "నాకోసం ఎందుకే ఇదంతా? ముచ్చటపడి చూసుకున్నావు. పిల్లి పిల్లల్ని తిప్పినట్టు నన్ను ఆ మూలకీ ఈ మూలకీ తిప్పకండి. బాల్కనీలో వేస్తే అక్కడే పడుంటానుగా?"

కోడలు నోట్లో గుండుసూదులు పెట్టుకుని, మంచానికి వేసే కర్టెన్ గుడ్డ అంచు మడుస్తూనే ఉంది.

ఎలక్ట్రీషియన్ మర్నాడు మధ్యాహ్నం వచ్చాడు. గోడ మీద భుజమెత్తున పెన్సిలు గీత పెట్టాడు. "అందరిళ్ళల్లో ఇంతే ఎత్తండీ."

"నిలబడి ఆర్పేవాళ్ళకి కదా అది. ఇది పడుకుని ఆర్పడానికి."

"అలాగైతే ఎక్కడో మీరే చూపించండి. నాకేం, ఎక్కడంటే అక్కడ."

"అత్తయ్యా, ఒకసారి పడుకోండి. మీరు ఏ పక్కకి తిరిగి పడుకుంటారు?"

"ఇప్పుడదంతా ఎందుకు? ఇంకెంతకాలం, నాలుగు రోజులు ఉండేదాన్ని..."

"ఆ నాలుగు రోజులూ ఏ పక్కకి తిరుగుతారో చెప్పండి. పాపం ఆయన డ్రిల్లు పట్టుకుని నిలబడ్డాడు."

ఎలక్ట్రీషియన్ నవ్వాడు. అత్తగారు మంచం ఎక్కి పడుకుంది, పరాయివాడి ముందు కాస్త సిగ్గుపడుతూ.

"ఏ పక్కకంటే... తలుపు వైపే. ఎవరొస్తారో, ఎవరెళ్తారో చూడాలిగా."

"ఇక చూడక్కర్లేదు. ఇప్పుడు చెప్పండి."

ఆవిడ కొంచెంసేపు పైకప్పు వంక చూసింది.

"గోడ వైపు తిరగొచ్చా?"

"తిరగండి."

ఆవిడ తిరిగింది. చెయ్యి దానంతటది గోడను తాకింది. వేళ్ళు ఆగినచోట కోడలు పెన్సిలుతో చిన్న గుర్తు పెట్టింది.

పనంతా అయ్యి, గోడ నుంచి రాలిన సున్నం ఊడ్చి, కర్టెన్ తగిలించేసరికి ఇంకో మధ్యాహ్నం అయింది. సోఫా ఇంకా రాలేదు. పేపర్లు మాత్రం టీవీ ఎదురుగా పరిచే ఉన్నాయి. కోడలు స్టూలు దిగి, చేతులు దులుపుకుని, కర్టెన్ ఇటూ అటూ లాగి చూసింది. రింగులు ఎక్కడా పట్టలేదు.

"ఇక పడుకోండి అత్తయ్యా."

"నాకిప్పుడు నిద్రేం వస్తుంది? నువ్వు పడుకో."

"నేనా?"

"పొద్దుటినుంచీ నిలబడే ఉన్నావు. నీ గదిలో పడుకుంటే ఎవరో ఒకరు పిలుస్తారు. తువ్వాలేదీ అంటారు, తాళాలేవీ అంటారు. నే చూడటం లేదా?" ఆవిడ దిండు తట్టింది. "ఎక్కు. కర్టెన్ వేసుకో. నేనిక్కడ కుర్చీలో కూర్చుంటా."

"వద్దండీ, స్టవ్ మీద పాలు..."

"పాల సంగతి నేను చూస్తాగా. ఎక్కవే, మాటకి మాట. తల్లీ కూతుళ్ళిద్దరూ లాయర్లే."

కోడలు ఎక్కింది. కర్టెన్ అత్తగారే లాగింది. రింగుల చప్పుడు ఒక వైపు నుంచి ఇంకో వైపుకు వెళ్ళి ఆగింది. లోపల చిన్న దీపం, కొత్త గుడ్డ వాసన, జానెడు దూరంలో స్విచ్చి. కోడలు కాళ్ళు చాపింది. మొదట కొంచెం, తర్వాత మొత్తం.

వీధి తలుపు తెరుచుకుంది. లాయరు గొంతు వినపడింది. "అమ్మా! నా ఛార్జర్..."

"ష్. అమ్మ పడుకుంది. నువ్వే వెతుక్కో," అంది అత్తగారు.

అడుగుల చప్పుడు. కాగితం కరకరమంది.

"చూసి నడవ్వే! సోఫా తొక్కుతున్నావ్."

కర్టెన్ లోపల కోడలు నవ్వుకుంది. చెయ్యి చాపి దీపం ఆర్పింది.